బోర్లేసిన పర్చీ

నిర్మల్ తాలూకాలో చలిజ్వరాన్ని తరిమికొట్టింది నేనే. ఈ మాట పెళ్ళిపందిళ్ళలో, బస్సుల్లో, పింఛను ఆఫీసు వరండాలో ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. "కర్ర పట్టుకొని తరిమినవా?" అని ఎవరైనా ఎకసెక్కంగా అడిగితే, "కర్రెందుకు, కంటితోనే" అనేవాణ్ణి. సూక్ష్మదర్శిని మీద నేను కన్ను ఆనిస్తే చాలు, పురుగు సిగ్గుపడి తానే ఎదురొచ్చేదని కూడా అన్నాను. ఒకసారి ఇంకాస్త ముందుకు పోయి, గాజు పలకను ముట్టుకొని చూసే జబ్బు ఉందో లేదో చెప్పేవాణ్ణన్నాను. అప్పుడు మా ఆవిడ పక్కనే ఉండి నా మొహంలోకి చూసింది గనక ఆ మాట మళ్ళీ ఎక్కడా అనలేదు.

తరిమినవాళ్ళు వేరే ఉన్నారు. వీపున పంపు మోసి ఇల్లిల్లూ మందు చల్లిన కూలీలు, ఎండలో సైకిలు తొక్కి ఊరూరా రక్తపు చుక్కలు ఏరుకొచ్చిన పనివాళ్ళు. నేను నీడపట్టున కుర్చీలో కూర్చొని ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచినవాణ్ణి. రెండు కళ్ళూ తెరిచే చూడాలట. అది కూడా నాకు ఎనిమిదేళ్ళు పనిచేశాక తెలిసింది.

మా తమ్ముడి మనవరాలు ల్యాబ్ కోర్సులో చేరింది. "తాతా, నీ పని గురించి రాసియ్యి" అంది. ఏ ఏడు ఏ పదవి వచ్చిందో రాస్తే ఆ పిల్ల రెండో పేజీలోనే నిద్రపోతుంది. అందుకని ఒక్క పలక గురించి రాస్తాను. లక్ష్మీబాయి అనే ఆరు నెలల గర్భిణి రక్తం పూసిన పలక అది. అందులో ఉన్నదాన్ని నేను లేదన్నాను. ఆమె, ఆమె కడుపులో బిడ్డ బతకడం ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉందని తెలిసే అన్నాను.

పని అంటే ఇంతే

జ్వరం వచ్చినవాళ్ళ వేలు పొడిచి, ఒక చుక్క రక్తం గాజు పలక మీద పూస్తారు. పేరు, వయసు, ఊరు ఒక చీటీ మీద రాస్తారు. దాన్ని మేము పర్చీ అనేవాళ్ళం. పలకలూ పర్చీలూ ఊరి వారీగా కట్టలు కట్టి మా ఆఫీసుకు పంపుతారు. మేము పలకకు రంగు పట్టించి, కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క నూనె వేసి సూక్ష్మదర్శిని కింద పెడతాం. ఎర్రకణాలు పళ్ళెంలో పరిచిన అప్పడాల్లాగా కనబడతాయి. మలేరియా పురుగు ఉంటే ఏదో ఒక అప్పడంలో చిన్న నీలి ఉంగరం, ఆ ఉంగరానికి రాయి పొదిగినట్టు ఒక ఎర్ర చుక్క. ఒక్కటి దొరికినా ఉంది అని రాయొచ్చు. లేదు అని రాయాలంటే మాత్రం పలకను జరుపుకుంటూ వంద చోట్ల చూడాలి.

ఊళ్ళో నన్ను 'దుర్బీన్ సారు' అనేవాళ్ళు. దుర్బీన్ దూరానివి చూసేదనీ, నాది చిన్నవాటిని చూసేదనీ మొదట్లో సరిదిద్దేవాణ్ణి. తర్వాత మానుకున్నాను. దూరంగా ఉన్నవి చూసే మనిషి అంటే వినడానికి బాగానే ఉంది కదా.

మునీర్ సాబ్ కిటుకు

నేను పని నేర్చుకున్నది కరీంనగర్‌లో, ఒక దవాఖానాలో. ఇంకా హైదరాబాద్ స్టేట్ ఉన్న రోజులు. అక్కడ ల్యాబ్ చూసే మునీర్ సాబ్ ఒక చాయ్ చల్లారేలోపు పది పలకలు చూసేవాడు. ఆ పదిలో తప్పు పోయింది నేను చూడలేదు. నేను మాత్రం ఒక్క పలక మీద గంట కూర్చొని, చివరికి నా కనురెప్ప వెంట్రుకనే కొత్త రకం పురుగు అనుకొని ఆయన్ను పిలిచాను. సాబ్ వచ్చి చూసి, నవ్వాపుకొని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బేటా, పెహలే పర్చీ దేఖో. ముందుగాల పర్చీ సూడు. మనిషి ఎక్కడోడు, ఏం పనోడు, ఎన్ని రోజుల జరం, గది సగం చెప్తది. తర్వాత పలకను అడుగు."

నాకు దారి దొరికింది. పర్చీ చదవడం, పలక మీద కన్ను వేయడం, రాసేయడం. ఆరు నెలల్లో నేనూ చాయ్ చల్లారేలోపు పది పలకలు చూసేవాణ్ణి. సాబ్ కంటే నాదే వేగమని అందరికీ చెప్పుకున్నాను. సాబ్ పర్చీ చూశాక పలకను నిజంగానే అడిగేవాడు. నేను పర్చీ చెప్పింది నిజమే కదా అని పలకతో తలూపించేవాణ్ణి. ఈ తేడా ఆయన నాకు చెప్పలేదు. చెప్పకుండానే తెలియాల్సిన సంగతి అనుకొని ఉంటాడు పాపం.

భైంసాలో వాసన

ఆంధ్రప్రదేశ్ వచ్చాక నన్ను నిర్మల్ పంపారు. కొత్తలో మందు చల్లేవాళ్ళ వెంట ఊళ్ళు తిరగమన్నారు. భైంసాలో ఒక పత్తి వ్యాపారి ఇల్లు. ఇంట్లో చల్లనివ్వనని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మేస్త్రీ ఆయనతో మాట్లాడుతుండగానే ఒక కూలీ పంపు సరిగ్గా ఉందో లేదో చూడటానికి గోడ మీద రెండుసార్లు కొట్టాడు. వ్యాపారి పంచె కొంగుతో ముక్కు మూసుకున్నాడు.

"అరెరే, ఏం గబ్బయ్యా గిది! తలకాయ పగులుతుంది. గీ ఇంట్ల మేము బువ్వ ఎట్ల తినాలె?"

"సేట్‌జీ, గవి ఉత్త నీళ్ళు. మందు ఇంక కలపనేలే" అన్నాడు కూలీ.

ఈ కథ ఎన్నిసార్లు చెప్పి ఎంతమందిని నవ్వించానో! డబ్బున్నవాళ్ళ ముక్కులు ఎంత సుకుమారమో చూడండి అనేవాణ్ణి. చెప్పకుండా దాచుకున్న ముక్క ఒకటుంది. ఆ వాసన నాకూ వచ్చింది. నేనూ రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. కూలీ నీళ్ళన్నాక ఆ రుమాలుతో మెడ తుడుచుకున్నాను.

ఎస్తేరక్క వేళ్ళు

నిర్మల్‌లో నా పైన ఎస్తేరమ్మ ఉండేది. మెథడిస్టు చర్చి కుటుంబం, తండ్రి కౌలుకు పొలం చేసేవాడు. మిషన్ ఆస్పత్రిలో పని నేర్చుకొని వచ్చింది. నాకంటే ఆరేళ్ళు పెద్ద గనక అక్కా అనేవాణ్ణి. పొద్దున్నే పలకలు తుడుచుకుంటూ చిన్న గొంతుతో కీర్తన పాడుకునేది. నేను లోపలికి రాగానే ఆపేసేది. నా రిపోర్టులు చూసి ఆమెకు పాట మీద మనసు విరిగేదని తర్వాత తెలిసింది.

అడవి ఊళ్ళ పలకలు నా చేతికొస్తే నాకు పండగ. ఇచ్చోడ అవతలి గూడేల పలకల్లో నేను కనిపెట్టినన్ని పురుగులు ఇంకెవరూ కనిపెట్టలేదు. ఆ పలకల్లో వెతకాల్సిన పనే లేదు, ఎటు జరిపినా ఉంగరాలే.

ఒకరోజు ఎస్తేరక్క మూడు పలకలు నా ముందు పెట్టింది. ఒక్కోదాని కింద ఒక పర్చీ. ఒకటి ఇచ్చోడ అవతలి గోండు గూడెం నుంచి, రెండోది తహసీలు ఆఫీసు గుమాస్తాది, మూడోది గోదావరి ఒడ్డు బొగ్గుగనుల కాలనీ నుంచి.

"జర జల్ది సూడు రాజలింగం. రిపోర్టు పంపాలె."

చూశాను. గూడెం పలకలో నాలుగు ఉంగరాలు. గుమాస్తా పలక అద్దంలా శుభ్రం. గనుల కాలనీ పలకలో పురుగు లేదు. మూడూ రాసిచ్చి, అడగకుండానే ఒక సంగతి కూడా చెప్పాను.

"బొగ్గుల పనిచేసే మనుషులు గదక్కా. రక్తం గూడ జర నల్లగనే ఉంది."

ఎస్తేరక్క ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. మూడు వేళ్ళ కొసలకు మూడు సూది పోట్లు.

"గా మూడు పలకలు నావే. పొద్దుగాల పొడుసుకున్న."

ఒక్కో పర్చీ మీద వేలు ఆనిస్తూ పోయింది.

"గూడెంల నాకు చలిజరం. తహసీలుల మంచిగున్న. గనుల కాడికి పోతే నా రక్తం నల్లబడ్డది. ఏందయ్యా రాజలింగం, నేను ఒక్కదాన్నా, ముగ్గురినా?"

నేనేమైనా తక్కువ తిన్నానా? "నీకు నిజంగనే చలిజరం ఉండొచ్చక్కా. ఒక పలకల దొరికింది, రెండిట్ల దొరకలే" అన్నాను.

"మంచిది. గా నాలుగు ఉంగరాలు నాకు సూపియ్యి. నా వేళ్ళకు పెట్టుకుంట."

మళ్ళీ కన్ను ఆనించాను. ఐదు నిమిషాల కింద ఉంగరాలుగా కనబడ్డవి అక్కడే ఉన్నాయి. సరిగ్గా కడగని రంగు తాలూకు మరకలు అవి. కదలలేదు, మారలేదు. నేను వాటిని చూసి అబద్ధం రాయలేదు. నీలి ఉంగరం, ఎర్ర రాయి, రెండూ నాకు నిజంగానే కనబడ్డాయి. నన్ను భయపెట్టింది అదే. అబద్ధమాడి ఉంటే మానుకునేవాణ్ణి. కనబడ్డదాన్ని ఎట్లా మానుకోవాలి?

ఆ రోజు నుంచి మా ల్యాబ్‌లో ఒక కొత్త నియమం. పర్చీ బోర్లేసి పెట్టాలి. పలక చూసి, కాగితం మీద రాసి, అప్పుడు పర్చీ తిప్పి ఎవరిదో చూడాలి. ఈ నియమం నేనే కనిపెట్టానని ఒకసారి ఆదిలాబాద్‌లో ఒక పెద్ద డాక్టరుతో అన్నాను. ఎస్తేరక్క నా వెనకే నిలబడి ఉంది. కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళు మెల్లగా రుద్దుకుంది.

ఏమీ లేని రోజులు

అరవైల్లోకి వచ్చేసరికి జ్వరాలు తగ్గాయి. మందు చల్లడం గట్టిగా సాగింది. పలకలు మాత్రం ముందుకంటే ఎక్కువ రాసాగాయి, ఎక్కడైనా పురుగు మిగిలిందేమో వెతకమని. రోజంతా చూస్తే అన్నీ ఉత్తవే. నెల చూసినా ఉత్తవే. కన్నుకు లేదు లేదు లేదు అనడం అలవాటైపోయింది. ఉత్త పలకలకు పర్చీ బోర్లేస్తే ఎంత, వెల్లకిలా పెడితే ఎంత? ఎస్తేరక్క గదిలో ఉంటే బోర్లేసేవాణ్ణి. లేకపోతే లేదు.

ఆ రోజుల్లో ఊళ్ళు తిరిగి పలకలు తెచ్చే పని గోవిందరావుది. భైంసా వైపు మనిషి. సగం తెలుగు, సగం మరాఠీ, నోరు తెరిస్తే 'అరే బాబా'. వాళ్ళావిడే లక్ష్మీబాయి. నెలాఖరున పనివాళ్ళందరూ ఆఫీసుకు వచ్చే రోజు ఆమె జొన్నరొట్టెలు, వంకాయ కూర కట్టి పంపేది. ఆ కూరలో ఉప్పు ఒక రవ్వ ఎక్కువా కాదు, తక్కువా కాదు. "గోవిందరావు, మీ ఇంటామె చేతిల తరాజు ఉందా?" అనేవాణ్ణి. ఆ మాట ఇంటికి మోసుకుపోయి చెప్పేవాడు. ఒకసారి ఆమే ఎదురుపడి, "సారుకు పలకలకన్న వంకాయలే మంచిగ కనబడ్తయట" అంది. ఆమె నోటికి నేనే కాదు, ఎస్తేరక్క కూడా జంకేది.

లక్ష్మీబాయి పలక

ఎస్తేరక్క తమ్ముడి పెళ్ళికి రెండు వారాలు సెలవు పెట్టి పోయింది. మూడో రోజు గోవిందరావు ఒక పలక విడిగా పట్టుకొచ్చాడు. పర్చీ వెల్లకిలా నా చేతికే ఇచ్చాడు.

"సారు, మా ఇంటిదానిది. జర ముందుగాల సూడున్రి. రోజు ఇడిసి రోజు చలి పెడ్తుంది. మూడు గొంగళ్ళు కప్పినా వణుకుడు ఆగుతలే. ఆరో నెల, సారు. నాకు పరేషాన్ అయితుంది."

పర్చీ చదివాను. లక్ష్మీబాయి, ఇరవై రెండు, నిర్మల్. నిర్మల్ ఊళ్ళో చలిజ్వరం లేక ఎంతో కాలమైంది. ఆ మాట మా ఆఫీసు గోడ మీద పటం గీసి పెట్టుకున్నాం. గోవిందరావు ఎదురుగా నిలబడి నా మొహమే చూస్తున్నాడు. పలక పెట్టి, నూనె వేసి, చూడటం మొదలుపెట్టాను.

పదో చోటో పన్నెండో చోటో, ఒక ఎర్రకణం అంచున చిన్న నీలి ఉంగరం, ఎర్ర చుక్క. చూశాను. కన్నుకు తగలలేదని ఇప్పుడు రాస్తే ఎవరూ కాదనలేరు. కానీ తగిలింది. 'రంగు మరక' అనుకొని పలక జరిపాను. ఇంకోచోట ఇంకోటి. 'ఇయ్యాల కడగడం బాగా లేదు' అనుకున్నాను. అడవి పలకలో మరకను పురుగని చూసిన కన్నే ఇప్పుడు పురుగును మరకగా చూసింది.

"వంద చోట్ల సూసిన గోవిందరావు. ఏం లేదు. కడుపుతోటి ఉన్న మనిషి, నీరసం. జర మంచి తిండి పెట్టు."

"అరే బాబా, బతికినం" అని ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు.

వంద చోట్ల చూడలేదు. తర్వాత ఎస్తేరక్క గుచ్చి అడిగితే నలభై అన్నాను. ఇప్పుడు రాతలో పెడుతున్నాను గనక, ముప్ఫై.

నాలుగు రోజులకు మళ్ళీ వచ్చాడు.

"సారు, నిన్న మల్ల వణికింది. గూడేలల్ల నేను ఎన్ని చలిజరాలు సూడలే? గిది గట్లనే కొడ్తుంది. నా చెయ్యికి తెలుస్తలేదా?"

"నీ చెయ్యి పెద్దదా, నా దుర్బీన్ పెద్దదా?"

తల గోక్కుంటూ నవ్వాడు. "మీ దుర్బీనే సారు."

ఆ తర్వాత ఆయన రాలేదు. నాకే ఏదో అనిపించి ఒక సాయంత్రం వాళ్ళింటికి పోయాను. లక్ష్మీబాయి గోడకానుకొని గొంగళ్ళలో మూట కట్టినట్టు కూర్చొని ఉంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి లేవబోయి, లేవలేక కూలబడింది.

"సారు, నాకు జరం లేదని రాసిండ్రట గదా. గా మాట జర గీ పండ్లకు గూడ చెప్పున్రి. ఇనుకుంట లేవు."

గోవిందరావు ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగాడు. "జర వెచ్చగ ఉంది గంతే సారు. మీరు చెప్పినట్టు నీరసమే." రోజూ పదిమంది నుదుళ్ళు ముట్టుకొని జ్వరం చెప్పగలిగే చెయ్యి అది. నేను లేదన్నాక ఆ చేతికి కూడా జ్వరం తగలడం మానేసింది.

నేను చాయ్ తాగి వచ్చాను. చాయ్ బాగుందని కూడా చెప్పాను.

పది పలకలు

ఎస్తేరక్క సెలవు ముగించుకొని వచ్చింది. తాను లేనప్పుడు చూసిన పలకల్లో పదింటిని ఏరి, కలిపేసి, మళ్ళీ నాచేతే చూపించడం ఆమె అలవాటు. పర్చీలన్నీ బోర్లేసి వరసగా పెట్టింది. నా మీద నమ్మకం లేదా అని ఎప్పటిలాగే అలిగాను. ఆమె ఎప్పటిలాగే పట్టించుకోలేదు.

ఐదు ఉత్తవి. ఆరోది పెట్టాను. మూడో చోటుకే ఆగాను.

"ఆగక్కా. ఇది ఏ అడవిది? ఉంగరాలున్నయ్. గిక్కడొకటి, గా అంచుకొకటి. మంచిగ కడిగిన పలక, మరకలు గావు. మనోళ్ళకు చెప్పు, గీ ఊరికి పొయ్యి మందు చల్లాలె."

గర్వంగానే చెప్పాను. ఎన్నాళ్ళకో ఒకటి దొరికింది, పైగా నాకే దొరికింది. ఎస్తేరక్క పర్చీ తిప్పింది. చదివింది. నా వైపు జరిపింది.

లక్ష్మీబాయి, ఇరవై రెండు, నిర్మల్. దాని కింద గోవిందరావు గుండ్రటి అక్షరాల్లో ఇంకో వరస ఉంది. 'నెల రోజులు ఇచ్చోడ అవతల తల్లిగారింట ఉండి వచ్చినది.'

పర్చీ ముందు చూడటం నన్ను చెడగొట్టిందని ఇంతసేపూ రాసుకుంటూ వచ్చాను. ఆ పర్చీ అయినా పూర్తిగా చదవలేదు. నిర్మల్ అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

ఎవరు చెప్పాలె

ఎస్తేరక్క మా ఆఫీసు డాక్టర్ గారి గదికి పోయి ఆయన్ను లేపుకొచ్చింది. బయల్దేరేముందు నాతో ఒక్క మాటే అంది. "బిళ్ళలు డాక్టర్ సాబ్ ఇస్తడు. చెప్పుడు మాత్రం నువ్వే చెప్పాలె."

సైకిలు ఎంత వేగంగా తొక్కానంటే గాలి కూడా వెనకపడింది. గొలుసు రెండుసార్లు ఊడిందని, చివరి సందులో దించి నడిపించానని, డాక్టర్ గారి జీపు నాకంటే ముందే చేరిందని కూడా రాయాలి.

లక్ష్మీబాయి పడుకొని ఉంది. పెదవులు తెల్లబారాయి. తల్లి తలాపున కూర్చొని తడిగుడ్డ పిండుతోంది. డాక్టర్ గారు నాడి చూస్తున్నారు. గోవిందరావు నన్ను గుమ్మంలోనే పట్టుకున్నాడు. అక్కడ కూడా, ఆ మనిషి మొహం చూస్తూ, నా నోరు తన పని తాను చేసుకుపోయింది.

"గోవిందరావు, పురుగు ఇప్పుడే బయటపడ్డది. మొన్నటిదాంక రక్తంల దాసుకుంది. మల్ల సూస్తే నా కంటికి దొరికింది."

ఆయన రెండు చేతులూ జోడించాడు. "సారు, మీరు మల్ల సూడకపోతే ఏమైతుండె? మీ కన్ను దేవుని కన్ను."

ఎస్తేరక్క వాకిట్లో నిలబడి ఉంది. నా వైపు చూడలేదు, నేల చూస్తోంది. ఆమె నన్ను చూసి ఉంటే బహుశా ఆ అబద్ధంతోనే ఇంటికి పోయేవాణ్ణి.

"లేదు గోవిందరావు. మొదటి పలకలనే ఉండె. నేను సూసిన. మరక అనుకొని ఇడిసిపెట్టిన. పర్చీ గూడ నిండుగ సదువలే. వంద చోట్ల సూసిన అన్నది అబద్ధం."

తిడతాడనుకున్నాను. కొట్టినా ఆపేవాణ్ణి కాదు. ఆయన చాలాసేపు తన అరచెయ్యి చూసుకున్నాడు.

"నేను గూడ చెయ్యి పెట్టి సూసి జరం లేదనుకున్న గద సారు. కాలుతుండె. నాకు తెల్వకపాయె."

ఇద్దరం గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే, మంచం మీంచి సన్నగా ఒక గొంతు వచ్చింది.

"ఇద్దరు తర్వాత ఏడువున్రి. ముందుగాల బిళ్ళలియ్యున్రి."

మూడు రోజులు ఏమీ తెలియలేదు. నేను ఆఫీసుకు పోయినా సూక్ష్మదర్శిని మూత తీయలేదు. నాలుగో రోజు ఆమెకు చెమట పట్టి జ్వరం దిగింది. వారానికి ఇంకో పలక తీశారు. ఎస్తేరక్క, నేను విడివిడిగా, పర్చీ బోర్లేసి, వంద చోట్ల చూశాం. నేను రెండు వందలు చూశాను. ఇది పెంచి రాయడం లేదు. కావాలంటే ఎస్తేరక్కనే అడగమనేవాణ్ణి, ఆమె ఇప్పుడు లేదు.

బిడ్డ నెల ముందే పుట్టింది, ఆడపిల్ల. ఒక్క అరచేతిలో పట్టేది. ఒకటి కాదు, రెండు అరచేతులు కలిపితే పట్టేది. లక్ష్మీబాయి మంచం దిగడానికి రెండు నెలలు పట్టింది. జుట్టు సగం రాలిపోయింది. ఆ సంగతి ఆమె నన్నెప్పుడూ అనలేదు. కొంగు ముందుకు లాక్కొని తిరిగేది.

మా పిల్లకు నాలుగు మాటలు

నువ్వు నిజాయితీ గల పిల్లవు గనక నీకు సరిగ్గా కనబడుతుందని అనుకోకు. నేనూ ఆ పని కాడికి దొంగనేమీ కాదు. కన్నుకు ముందే జవాబు చెప్పి కూర్చోబెడితే అది ఆ జవాబే తెచ్చిస్తుంది, అదీ ఎంతో నమ్మకంగా.

ఉంది అనడానికి ఒక్క చోటు చాలు. లేదు అనడానికి వంద కావాలి. అలసిపోయినప్పుడు మనిషి నోట ముందు వచ్చేది లేదు అన్న మాటే.

పర్చీ తర్వాత చదువు. చదివితే చివరి వరస దాకా చదువు.

జ్వరం పట్టిన మనిషి, ఆ మనిషిని ముట్టుకున్న మనిషి ఏదైనా చెబితే, నీ యంత్రం పెద్దదని వాళ్ళ నోరు మూయకు. నేను గోవిందరావు చేతిని చెడగొట్టినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. నా కన్ను చెడితే నేనొక్కణ్ణే చెడ్డాను అనుకోవచ్చు.

వంకాయ కూర

అరవై ఎనిమిదిలో నన్ను మళ్ళీ కరీంనగర్‌కు బదిలీ చేశారు. పోయే ముందు గోవిందరావు నన్నూ ఎస్తేరక్కనూ భోజనానికి పిలిచాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టడానికి నాకు ఇంకా సిగ్గుగానే ఉండేది. వాళ్ళ పిల్ల నీళ్ళ చెంబు రెండు చేతులతో మోసుకొచ్చి సగం నా కాళ్ళ మీద పోసింది.

లక్ష్మీబాయి పీట వేసి, జొన్నరొట్టె, వంకాయ కూర వడ్డించింది. అదే కూర, అదే వాసన. నూనె తేలి, మెంతాకు వేసి, నిగనిగలాడుతోంది. ఎస్తేరక్క కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకుంటోంది. నేను ఆగలేదు. రొట్టె తుంచి, కూర నిండా అద్దుకొని నోట్లో పెట్టుకున్నాను.

"ఎట్లుంది సారు?"

"అడుగుతున్నవా చెల్లె? ఇన్నేళ్ళ సంది తింటున్న, ఒక్కనాడు గూడ తేడా రాలే. చేతిల తరాజు అట్లనే ఉంది."

"ఉప్పు సరిపోయిందా?"

"తూకమేసినట్టుంది."

ఎస్తేరక్క కళ్ళు తెరిచింది. చిన్న ముక్క నోట్లో వేసుకొని నమిలింది. లక్ష్మీబాయి వైపు చూసింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోవిందరావు తల తిప్పేసుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి.

"ఏంది?" అన్నాను.

లక్ష్మీబాయి కొంగు చాటు నుంచి ఒక గిన్నె తీసి నా పళ్ళెం పక్కన పెట్టింది. నిండా ఉప్పు.

"ఎయ్యనే లేదు సారు. జర మల్ల సూడున్రి."

రెండో ముక్క తుంచి, మెల్లగా నోట్లో పెట్టుకున్నాను. చప్పగా ఉంది.